పలకల కింది నీడ

సాంబయ్య నీటికాకుల రెట్టలు కడుగుతున్నాడు. చెరువు మీద తేలే సోలార్ పలకల మధ్య, అడుగేస్తే కిందికి కుంగే ప్లాస్టిక్ బాట మీద వంగి నిలబడి, కట్టెకు బిగించిన రబ్బరుతో ఒక్కో పలకనూ గీకుతున్నాడు. ఒకటి కడిగి పక్కదానికి జరిగేలోపు ఇంకో కాకి వచ్చి వాలుతుంది. వాటిని తిట్టడం కూడా మానేసి చాలా కాలమైంది.

మనిషి పొట్టి. కంపెనీ ఇచ్చిన నీలం చొక్కా భుజాల దగ్గర బిగుతు, పొట్ట దగ్గర వదులు. చిన్నప్పటి నుంచి వలతాళ్లు లాగి లాగి వేళ్ల మీద గాట్లు పడ్డాయి. మడమల పగుళ్లలో చెరువు బురద నల్లగా నిలిచిపోయింది, ఎంత తోమినా పోదు.

ఎండ, గాలి, నీళ్లు, చెత్త, దేన్నీ వదలకుండా అన్నింటి నుంచీ కరెంటు తీయాలన్నది సర్కారు విధానమట. గట్టు మీద షామియానా వేసి, ఆ మాటే మైకులో చెప్పి, లడ్డూలు పంచి పోయారు. మంథనికి ఇవతల ఉన్న ఈ చెరువు సగం పలకల కిందికి పోయింది. చేపలు పట్టి బతికేవాళ్లు ఆ విధానంలో ఎక్కడున్నారో లడ్డూలు పంచినవాళ్లెవరూ చెప్పలేదు. మత్స్యసంఘం ధర్నా చేసింది, టెంటు కిరాయి దండగైంది. చివరికి సంఘంలోని మనిషే పలకలకు కాపలాగా కుదిరాడు. ఆ మనిషి సాంబయ్య.

అప్పటి నుంచి అతను హోటల్లో కూర్చుంటే పక్కవాళ్లు లేచిపోతారు. సొంత అక్క శంకరవ్వ కూతురి పెండ్లికి పిలవలేదు. పందిట్లో పెట్టిన పాటలు నీళ్ల మీదుగా ఇక్కడిదాకా వినబడ్డాయి. ఆ రోజు అతను చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఎండలు ముదిరితే చేపలన్నీ చల్లదనానికి పలకల కిందే చేరతాయి. రవ్వలు, బొచ్చెలు, మోచెయ్యంత కొర్రమట్టలు. బయట వేసిన వలకు నాచు తప్ప ఏమీ రాదు. ఆ నీడలో వేట నిషేధం. కిందటి నెల అక్కడ వల దొరికినప్పుడు సూపర్‌వైజర్ కరుణాకర్ సంఘాన్ని పిలిపించాడు. ఇంకొక్కటి కనబడితే మిగిలిన సగం చెరువులో కూడా వేట బంద్, కాపలావాడి కొలువూ బంద్ అని చెప్పాడు.

ఆ కరుణాకరే ఇప్పుడు ఫోన్ చేశాడు. హైదరాబాద్ సార్లు దారిలో ఉన్నారనీ, పడవలో చెరువంతా చూస్తారనీ, పలకలు మెరవాలనీ అన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుంటుంటే చివరి వరుస అంచున ఒక వల బెండు మునిగి తేలడం సాంబయ్య కంటబడింది. దానికి ఎర్రగుడ్డ కట్టి ఉంది. ఆ గుర్తు శంకరవ్వ మొగుడు లక్ష్మీరాజానిది.

లక్ష్మీరాజం గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఏడాదిగా ఇద్దరికీ మాటల్లేవు. సాంబయ్యే పోయి పలకరించాడు.

"బావా, జర గా వల తీస్కపో. పెద్ద సార్లు వస్తున్నరు. కండ్లబడితే సంఘం మొత్తం ఆగమైతది."

"కండ్లబడాల్ననే ఏసిన. మేం ఇంకా సావలేదని ఆళ్లకు తెల్వాలె."

"నా నౌకరి పోతే పోనీ బావా. ఉన్న సగం చెరువు గూడ గుంజుకుంటరు."

"బావా అనకు. నువ్వు గీ అంగి ఏసుకున్ననాడే నాకు బామ్మర్ది లేడనుకున్న."

లక్ష్మీరాజం బీడీ నీళ్లలోకి విసిరి, తువ్వాల దులుపుకొని ఊరివైపు నడిచాడు. సాంబయ్యకు ఒళ్లు మండిపోయింది. వల వేసినవాడి మీదా, పలకలు వేసినవాళ్ల మీదా, తన మీదా ఒకేసారి కోపం వచ్చింది. గేటు దగ్గర కార్ల హారన్లు మోగాయి.

చొక్కా విప్పి నీళ్లలోకి దిగాడు. బెండు పట్టుకుని లాగితే వల రాలేదు. లోపలెక్కడో పలకల లంగరు తాడుకు చుట్టుకుంది. బెండు కోసేసి వదిలేస్తే చేపలు అందులోనే చచ్చి, కుళ్లి, రేపోమాపో పట్టిస్తాయి. బెండును చంకలో పెట్టుకుని మునిగాడు.

మునగడం అతనికి నడకతో సమానం. చిక్కు విప్పాడు. వలను ఒంటికేసి చుట్టుకున్నాడు. నీళ్లలో ఎక్కడ తల ఎత్తినా గాలి దొరుకుతుందని అతని ఒంటికి తెలుసు, దాని గురించి ఎన్నడూ ఆలోచించింది లేదు. తల ఎత్తాడు. ప్లాస్టిక్ తగిలింది. పక్కకు జరిగి ఎత్తాడు. అక్కడా ప్లాస్టికే. వెలుగు ఎటువైపుందో తెలియలేదు.

పడవ ఆ వరుస పక్కనుంచే వెళ్లింది. పలకలు బాగా మెరుస్తున్నాయని సార్లు మెచ్చుకున్నారు, ఫొటోలు దిగారు. కాపలా మనిషేడని ఒకాయన అడిగితే, అన్నానికి పోయుంటాడని కరుణాకర్ చెప్పాడు.

విప్పిన చొక్కా కనబడి, పొద్దుగూకే వేళకు సంఘం వాళ్లే దిగి సాంబయ్య శవాన్ని బయటికి తీశారు. వల ఎవరిదని పోలీసు అడిగాడు. సంఘం మనిషిదని తేలితే మిగిలిన నీళ్లు పోతాయి. శంకరవ్వ తమ్ముడి చంకలోని బెండును చూసింది. దానికున్న ఎర్రగుడ్డ తన పాత చీర ముక్క. మొగుడి వైపు తిరిగింది.

"ఆనిదే సారూ," అన్నాడు లక్ష్మీరాజం. "కాపలా ఉంటనే దొంగతనంగ పట్టుకుంటుండె."

శంకరవ్వ కిక్కురుమనలేదు. దొంగ కంపెనీ మనిషేనని తేలింది, మిగిలిన సగం చెరువు సంఘానికే ఉండిపోయింది.

కాపలా గది తలుపు తెరిచే ఉంది. లోపల మేకుకు కంపెనీ ఇచ్చిన నారింజరంగు లైఫ్ జాకెట్ వేలాడుతోంది, దాని ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు.