ఒక్క పాయింటు కోసం బాబాయ్ పెట్టుకున్న ఒట్టు

ముందే ఒప్పేసుకుంటున్నా, మా ఇంటి రూలు తప్పాను. బాబాయ్‌ది టైర్ల షాపు, ఆదివారం కూడా తెరిచే ఉంటుంది. అందుకే టీవీలో కార్ల రేసు రికార్డు చేసి, ఆయన షాపు మూసొచ్చాక ఇద్దరం కలిసి చూస్తాం. అప్పటిదాకా రిజల్ట్ చూడకూడదు. పదకొండేళ్ల రూలు. మొన్న మధ్యాహ్నమే ఫోన్లో చూసేశా.

ఏం చేయను? మా టీమ్‌కి రెండు సీజన్లుగా ఒక్క పాయింటు లేదు. పాయింట్లు మొదటి పదిమందికే, మా డ్రైవరేమో ఎప్పుడూ పద్నాలుగో పదిహేనో. పాత బాస్‌లంతా ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇంజిన్‌ని తిట్టి పోయారు. ఈ ఏడాది కొత్త బాస్ వచ్చింది, ఒకప్పుడు అదే టీమ్‌లో చక్రాలు బిగించిన మనిషి. వచ్చిన రోజు నుంచి టైర్లు మార్చేవాళ్లతో రోజూ వందసార్లు ప్రాక్టీసు. టైమ్ తగ్గుతోందని నేను గ్రాఫు గీసి చూపిస్తే బాబాయ్ దాని మీద టీ గ్లాసు పెట్టాడు.

"కొత్త బిచ్చగాడు పొద్దెరగడులే. ఈసారీ పాయింటు రాకపోతే షాపులో మన టీమ్ పోస్టరు పీకేస్తా. ఇంక రేసు చూడను, ఒట్టు."

ఆయన చూడకపోతే నా ఆదివారాలేం కావాలి? అందుకే చూశా. పదో స్థానం!

సాయంత్రం నా నటన చూడాలి. మావాడు పదమూడులో ఉండగా బాస్ అందరికంటే ముందే టైర్లు మార్చడానికి పిలిచింది, ఆగితే ఇంకా వెనకబడతాడు. బాబాయ్ లేచాడు.

"అయిపోయింది. స్నానానికి పోతా."

"కూర్చో బాబాయ్. రెండు సెకన్లలో నాలుగు టైర్లు మార్చారు. నీకైతే గంట."

"మా షాపులో కబుర్లు కూడా చెప్తాం," అంటూ కూర్చున్నాడు.

మిగతావాళ్లు ఒక్కొక్కరే టైర్లకి ఆగారు. మావాడు పదకొండుకి ఎగబాకాడు.

మావాడు ఎవర్నైనా దాటితే బాబాయ్ గంతేస్తాడు, టీ సోఫా మీద పడుతుంది. పదకొండేళ్లకి నాలుగే మరకలు, మా టీమ్ సంగతి అర్థమైందిగా.

ఆఖరి ల్యాప్. మావాడు ముందువాణ్ణి దాటే మలుపు ఇంకా రాలేదు. బాబాయ్ మెల్లగా గ్లాసు కింద పెట్టాడు. ఆ తర్వాత మలుపులో మావాడు దాటి పదోవాడయ్యాడు, బాబాయ్ గంతేశాడు.

"నీకెవరు చెప్పారు?" అన్నా.

గ్లాసు వైపు చూశాడు. "వ్యాను డ్రైవరొకడు టైరు మార్పించుకుంటూ కూసేశాడు."

"మరి స్నానానికని లేచావేం?"

"ఆపుతావో లేదో చూద్దామని. నువ్వెప్పుడు చూశావే?"

"నేనా?"

"పదమూడులో ఉన్నా గోళ్లు కొరకలేదు నువ్వు."

పోస్టరు షాపులోనే ఉంది. రూలు మాత్రం మళ్లీ మొదటి నుంచి. మీ టీమ్ కోసం మీరాడిన నాటకాలేంటో కింద రాయండి. వచ్చే రేసు రిజల్ట్ తప్ప ఏమైనా రాయొచ్చు, బాబాయ్ కూడా చదువుతాడు.