లింకన్ వైపు వంగే బల్ల

పొద్దున్న ఆరింటికి లవీనా హోటల్లో కాఫీ దిగేసరికి ముగ్గురు రైతులూ కిటికీ పక్క గుండ్రటి బల్ల చుట్టూ చేరేవారు. మొక్కజొన్న ధర, మంచు, మోకాళ్ళ నొప్పులు అయిపోయాక, అమెరికా ప్రెసిడెంట్లలో ఎవరు గొప్ప అన్న వాదం మొదలయ్యేది. ఆ అయోవా ఊళ్ళో తండ్రి నుంచి కొడుక్కి పొలం, ట్రాక్టరుతో పాటు ప్రెసిడెంటు కూడా సంక్రమిస్తాడు. వెండెల్‌కి లింకన్ వచ్చాడు. డ్వేన్‌కి రూజ్‌వెల్ట్. ఎల్డన్‌కి ట్రూమన్.

ఎవరి మాటలో బరువుంటే బల్ల వాళ్ళ వైపు వంగేది. అందుకని లవీనా ఎవరికీ కప్పు నిండా పోసేది కాదు. బల్ల కదిలితే మాట ఆపకుండానే అందరూ కప్పులు పట్టుకునేవారు.

పదకొండేళ్ళుగా అది వంగింది వెండెల్ వైపే.

"వాడి గొప్పేముంది? వాళ్ళ నాన్న లింకన్ని ఇచ్చిపోయాడు. మా నాన్న ట్రూమన్ని అంటగట్టి పోయాడు" అని ఎల్డన్ కొట్టంలో దూడలతో చెప్పుకునేవాడు. వెండెల్ జోకుకి లవీనా నవ్విందంటే ఆ పూట ఎల్డన్‌కి తిన్న గుడ్డు అరిగేది కాదు. వెండెల్ పళ్ళెంలో పాన్‌కేకులు తన వాటికన్నా వేలెడు మందం ఎక్కువున్నాయని కూడా అతను ఏనాడో కళ్ళతో కొలిచేశాడు.

ఫిబ్రవరి మూడో సోమవారం, ప్రెసిడెంట్ల రోజు, వెండెల్ ఎర్ర టై కట్టుకొచ్చాడు.

"ఏమిట్రా పెళ్ళికొడుకు వేషం?" అన్నాడు డ్వేన్.

లవీనా వంటగదిలోకి వెళ్ళేదాకా ఆగి, వెండెల్ గొంతు తగ్గించాడు. "ఇవాళ బల్ల నావైపు వంగగానే ఆవిణ్ణి పెళ్ళికి అడుగుతా. మొగుడు పోయి ఆరేళ్ళయింది. గెలిచినవాణ్ణి కాదంటుందా?"

ఎల్డన్ కప్పు పక్కకి నెట్టాడు. చలికాలమంతా కూర్చుని ట్రూమన్ గురించి పన్నెండు కాగితాలు రాసుకొచ్చాడు. అవన్నీ చదివాడు. బల్ల ఉలకలేదు, పలకలేదు.

"బట్టల కొట్టు నడపలేక మూసేసినవాణ్ణి తెచ్చి లింకన్ పక్కన నిలబెడతావట్రా?" అన్నాడు వెండెల్.

తిరిగొచ్చి కాఫీ పోస్తున్న లవీనా ఫక్కున నవ్వింది. ఎల్డన్ చెవులదాకా కాలిపోయాడు.

వెండెల్ గొంతు సవరించుకున్నాడు. రెండు ముక్కలైన దేశాన్ని లింకన్ ఎలా కలిపి కుట్టాడో చెప్పాడు. సంకెళ్ళు తెగిన మనుషుల గురించి చెప్పాడు. బల్ల కిర్రుమంటూ అటు వంగడం మొదలుపెట్టింది. వెండెల్ టై సర్దుకుని లవీనా వైపు తిరిగాడు.

"ఆపరా!" ఎల్డన్ బల్ల మీద గుద్దాడు. "లింకనే గొప్పవాడు! ఆ సంగతి నాకు మొదట్నుంచీ తెలుసు. ఇన్నేళ్ళూ ట్రూమన్ కోసం పోట్లాడాననుకున్నావా? నువ్వు గెలుస్తుంటే ఈవిడ చూస్తోందని పోట్లాడాను. నువ్వు జోకేస్తే ఈవిడ నవ్వుతుంది, నాకు ఒళ్ళు మండుతుంది. నాకు జోకులు రావు. ఇక్కడి కాఫీ మాడు వాసనేస్తుంది. అయినా రోజూ వస్తున్నా."

బల్ల ఆగింది. తర్వాత మునుపెన్నడూ లేనంత జోరుగా ఎల్డన్ వైపు ఒరిగింది. కప్పులు పట్టుకోవడం అందరూ మరిచిపోయారు. కాఫీ, సిరప్, వెండెల్ పాన్‌కేకులు అన్నీ ఎల్డన్ ఒళ్ళో పడ్డాయి.

వెండెల్ టై ముడి వదులు చేసుకున్నాడు. "అది ట్రూమన్‌కి వంగలేదు. గుర్తుంచుకో" అన్నాడు. అంటూ ఎల్డన్ ఒళ్ళోకి అతను చూసిన చూపు, ఎల్డన్ పదకొండేళ్ళుగా వెండెల్ పళ్ళెంలోకి చూస్తున్న చూపే.

లవీనా తువ్వాలు తెచ్చింది. "నా కాఫీ మాడు వాసనా?"

"అవును."

"ఇన్నేళ్ళు తాగి ఇప్పుడా చెప్పేది, మొండి ఘటం!" తువ్వాలు అతని మీదికి విసిరి, డ్వేన్ని జరగమని, ఎన్నడూ ఆ బల్ల దగ్గర కూర్చోనిది, ఇవాళ ఎల్డన్ ఎదురుగా కూలబడింది. "నేను నవ్వేది వాడి జోకులకి కాదు. వాడు నోరు తెరవగానే నీ మొహం ఎలా ఉబ్బుతుందో, అది చూసి. అది చూడకపోతే నాకూ పొద్దు గడవదు."

సిరప్ కారుతున్న బల్ల నెమ్మదిగా లేచి ఆమె వైపు ఒరిగింది.