నన్ను తప్పించి పోయిన కరెంటు

"అన్నయ్యా, ఆ నీళ్ళలోకి కరెంటు రాదు గదా?"

పార్కులో ఫౌంటెన్ ఇంకా మొదలు కాకముందే సువార్త ఈ మాట అడిగేది. రోజూ అడిగేది. ఒక చేత్తో కూతురు జెస్సీ గౌను వెనక నుంచి పట్టుకుని, రెండో చెయ్యి గుండెల మీద పెట్టుకుని అడిగేది. ఫౌంటెన్ ఆపరేటర్ ఏడుకొండలు నవ్వేవాడు.

"నీకు కొబ్బరిబోండాంలో గూడా కరెంటే కనపడుద్ది చెల్లెమ్మా!"

అతను నవ్వుతుంటే నాకు ఒళ్ళు మండేది.

నేను ఒక ఇనప పెట్టెను. ఆ ఫౌంటెన్‌ను నడిపే కంట్రోల్ పెట్టెను. పొద్దు వాలగానే మోటారు వేసేది నేను. నీళ్ళ కింద రంగు దీపాలు వెలిగించేది, పాటకు తగ్గట్టు ధారల్ని లేపేది, దించేది నేను. జనం చప్పట్లు మాత్రం నీళ్ళకు కొడతారు. కొట్టుకోనీ. నన్ను బిగించిన కార్ఖానాలో ఒక అమ్మాయి నా లోపల చిన్న మీట పెట్టి, దాన్ని మళ్ళీ మళ్ళీ పరీక్షించి, పక్కామెతో అంది: "మిగతావన్నీ ఆటలే అక్కా. నీళ్ళలోకి కరెంటు దిగితే ఈ ట్రిప్పు మీట రెప్పపాటులో కరెంటును ఆపెయ్యాలి."

అక్కణ్ణుంచి లారీ ఎక్కాను. కాంట్రాక్టరు గోడౌనులో ఎలకల మధ్య పడి ఉన్నాను. చివరికి ఈ పార్కులో స్తంభానికి బిగించారు. ఇన్ని చేతులు మారినా ఆ అమ్మాయి మాట మరవలేదు.

దసరా వచ్చింది. ఆయుధపూజనాడు నాకు పసుపు రాశారు, కుంకుమబొట్లు పెట్టారు, బంతిపూల దండ వేశారు. అంతటితో ఊరుకున్నారా? నా నెత్తినే కొబ్బరికాయ కొట్టారు! తడి తగలకూడని పెట్టె మీద కాయెడు నీళ్ళు! మూత సందులోంచి లోపలికి దిగాయి. నా పని నేను చేశాను, ట్రిప్పయ్యాను. ఫౌంటెన్ ఆగిపోయింది.

"పూజ చేసినరోజే ఆగితే అపశకునం రా!" కాంట్రాక్టరు కేకలేశాడు. "పెద్దోళ్ళొచ్చే టైమైంది. ఆ ట్రిప్పు సంగతొదిలేసి డైరెక్టుగా వైరు కలిపెయ్."

"ఈ పూటకే గదండీ" అంటూ ఏడుకొండలు కలిపేశాడు.

ఆ పూట గడిచింది. దండ వాడి రాలింది. వైరు అలాగే ఉండిపోయింది. దండం పెట్టిన చేతులతోనే నా చేతులు కట్టేసి, తాళం వేసుకుని పోయారు. కరెంటు నన్ను తప్పించుకుని నా పక్కనుంచే పోతుంటే చూస్తూ కూచోవడం ఎలా ఉంటుందో మీకేం తెలుసు?

ఇవాళ సాయంత్రం నీళ్ళ కింద ఒక దీపం అద్దం పగిలింది. కుక్క ఒకటి తొట్టిలో మూతి పెట్టి, కుయ్యిమని ఎగిరిపడి పారిపోయింది. జనం నవ్వారు. సువార్త నవ్వలేదు. అప్పటికే జెస్సీ గట్టు మీద వంగి నీళ్ళలోకి చెయ్యి చాపుతోంది. నేను పెట్టెలోనే గింజుకున్నాను. ఆపడానికి నా చేతిలో ఏం మిగిల్చారు గనక? సువార్త గౌను పట్టి లాగిన లాగుకు తల్లీకూతుళ్ళిద్దరూ వెల్లకిలా పడ్డారు.

ఏడుకొండలు పరుగెత్తుకొచ్చి మెయిన్ స్విచ్చి ఆపాడు. ధారలు కూలాయి. పాట సగంలో తెగింది.

మోచేతులు చీరుకుపోయినా పట్టించుకోకుండా, పిల్లను ఒళ్ళో అదుముకుని, సువార్త రోజూ అడిగేదే అడిగింది.

"అన్నయ్యా, ఆ నీళ్ళలోకి కరెంటు రాదు గదా?"

అతను నా మూత తెరిచాడు. ఆరిపోయిన కుంకుమ మరకల మధ్య తను కట్టిన వైరును చూస్తూ నిలబడ్డాడు. జనం ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఆమె మాత్రం లేవలేదు.

"వచ్చుద్ది చెల్లెమ్మా" అన్నాడు చివరికి, వైరు పీకేస్తూ.