క్వారంటైన్‌లో అమ్మ గొంతు

పేరు మాత్రం ఎంత ఘనంగా పెట్టారో, ట్రోజన్ అట, అంటే మాటున దూరిన దొంగ ప్రోగ్రాం, కంప్యూటర్ తెర మీద ఎర్ర పెట్టెలో తెల్లటి అక్షరాలు, మీరు నొక్కే ప్రతి మీటనూ ఇది పొంచి చూస్తోంది, అందుకే పట్టి పనిచెయ్యకుండా క్వారంటైన్‌లో పెట్టాం అని యాంటీవైరస్ చెప్పి మూడు రోజులైంది, ఆ మూడు రోజులూ అమ్మ చెంచాతో గ్లాసు మీద కొట్టి మమ్మల్ని పిలుస్తోంది, ఒక దెబ్బ అంటే మంచినీళ్ళు, రెండంటే కిటికీ, మూడంటే ఏమిటో మాకు అర్థమయ్యేలోపు తనకే విసుగొచ్చి గోడవైపు తిరిగిపోతుంది, మీటలు చూడక బావ రాసిన ఆ ప్రోగ్రాం ఇంకేం చేస్తుంది నా మొహం, దాని పనే అది, అమ్మ ఏ మీట నొక్కుతుందా అని కనిపెట్టుకుని ఉండి అమ్మ గొంతుతో మాట్లాడటం, అమ్మ మాట పోయిన గొంతు ఆపరేషన్‌కి ముందు బావ మూడు మధ్యాహ్నాలు ఫ్యాన్ ఆపించి, కుక్కర్ దింపించి, చెమటలు కక్కుతూ అమ్మ చేత ఒక్కొక్క మాటా పలికించి రికార్డు చేశాడు, మీటల మీద అక్క గోళ్ళరంగు పూసి గుర్తులు పెట్టాడు, ఎరుపు నొప్పి, గులాబీ మంచినీళ్ళు, ఆ రంగంతా అయిపోగొట్టినందుకు అక్క రెండు రోజులు సాధించింది, అప్పటికింకా వాళ్ళు మొగుడూ పెళ్ళాలే.

విడాకులై ఏడాది, ఎర్ర పెట్టె చూడగానే అక్క నడుం మీద చెయ్యి వేసుకుని, నేను చెప్పలేదుట్రా, పోతూ పోతూ ఇంట్లో ఓ చెవి వదిలి పోయాడు, మనం ఏం చేస్తున్నామో కూర్చుని కనిపెడుతున్నాడు, తీసి పారెయ్ అంది, నేను గోడమీద పిల్లిలా చూద్దాంలే అన్నాను, తీసెయ్యలేదు, విడిపించనూ లేదు, ఆ ఫైలుని యాంటీవైరస్ కంపెనీకి పంపి చేతులు దులుపుకున్నాను, అంతేనా, చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ వెంటనే నా బ్యాంకు పాస్‌వర్డు కూడా మార్చాను, నా మొదటి ఉద్యోగం దరఖాస్తు నాలుగుసార్లు తిరగరాయించిన మనిషి, తొమ్మిదేళ్ళు నా భుజం మీద చెయ్యేసి నడిచిన మనిషి, ఒక్క ఎర్ర పెట్టె చూసి దొంగ అని నమ్మేశాను, కనీసం ఫోన్ చేసి ఇదేమిటి బావా అని అడగలేదు.

కంపెనీ జవాబు ఇప్పుడే వచ్చింది, ఫైలులో ప్రమాదమేమీ లేదు, మా హెచ్చరికే పొరపాటు, అసౌకర్యానికి చింతిస్తున్నాం, అసౌకర్యమట, చదువక్కా అన్నాను, చదివింది, వాళ్ళకేం తెలుసు అంది గానీ మాటలో మునుపటి పదును లేదు, ఫైలుని విడిపించి కీబోర్డు అమ్మ ఒళ్ళో పెట్టాను, మంచినీళ్ళా అమ్మా, కిటికీ తియ్యనా, కాదని తల ఊపింది, వేలు రంగులన్నీ దాటుకుంటూ పోయి, చివరి వరసలో రంగే లేని మీట మీద ఆగింది, అది నొక్కగా నేనెప్పుడూ వినలేదు, అల్లుడుగారూ, భోంచేసి వెళ్ళండి, అమ్మ పాత గొంతు గదంతా నిండింది, దాని వెనకే బావ నవ్వు, ఇంకా రికార్డవుతోంది అత్తయ్యా అంటూ, అమ్మ మళ్ళీ నొక్కింది, మళ్ళీ, అక్క గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది, ఈ మూడు రోజులూ అమ్మ గ్లాసు మీద మూడు దెబ్బలు కొట్టి అడిగింది ఇదేనేమో, కాదేమో, ఏదైతేనేం, ఆ మాట వినాల్సినవాడు ఈ ఇంట్లో లేడు, ఏడాదిగా మేం రమ్మనలేదు, ఫోన్ తీసి బావ నంబరు వెతుకుతున్నాను, అక్క చూస్తోంది, చూడనీ, విడాకులు తీసుకున్నది అక్క, అమ్మ కాదు, నేనూ కాదు.