సరస్వతి పాటలో ఆ మాట

జీడిగింజలు కాల్చే డ్రమ్ములోంచి మంట ఎగసి సరస్వతి చీర అంటుకోవడం కార్ఖానాలో అందరూ చూశారు. గేటు దగ్గర ఓనరు అంబాసిడరు ఆగి ఉండడమూ చూశారు. కారు ఇమ్మని కాళ్లమీద పడిన తల్లి నీలమ్మను తోసేసి అతనన్నదీ విన్నారు.

"కొండకోతికి కారెందుకే? గెంతుకుంటా ఎల్లిపోద్ది."

కొండల్లోని సవర తెగకు చెందిన ఆ పిల్లను ఆటోలో టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, నందిగాం దగ్గరే ప్రాణం పోయింది.

మర్నాటి నుంచి పలాసలోని ఆ కార్ఖానాలో సమ్మె. సంఘం పాటగాడు ఎల్లాజీ సరస్వతి మీద పాట కట్టాడు. గేటు ముందు బొజ్జ ముందుకు తోసి ఓనరులా ఆ మాట అనేవాడు. ఆ వెంటనే కోతిలా గెంతేవాడు. జనం విరగబడి నవ్వేవారు. పాట కోసమే కంచిలి, కవిటి నుంచి కూడా కూలీలు వచ్చి కూర్చునేవారు. ఆ చరణం రాగానే నీలమ్మ నోట కొంగు కుక్కుకునేది.

ఒకరోజు సంఘం మీటింగులో ఆమె లేచింది.

"ఎల్లాజీ, నాయినా, ఆ మాట తీసెయ్యి."

"అది నా మాట కాదు పిన్నీ, ఆడి మాట. ఆడెలాటోడో జనానికి తెలవద్దేటి?"

"తెలవాల. నవ్వాలేటి?"

"నవ్వేది ఆణ్ణి సూసి."

"నువ్వు గెంతినప్పుడు నవ్వుతున్నారు. గెంతేది ఆడు కాదు. నా పిల్ల."

తోటి కూలి అప్పలమ్మ ఊరుకోలేదు. ఆమె ఇంట్లో రెండు పూటలుగా పొయ్యి రాజలేదు.

"ఆ ముక్క తీసేత్తే పాట సప్పగయిపోద్దక్కా. జనం రాపోతే సమ్మె నిలుత్తాదా?"

"నా పిల్లని ఆడించి నిలబెట్టుకుంటారేటే సమ్మె?"

ఎల్లాజీ ఆ చరణం మానేశాడు. అప్పలమ్మ భయపడ్డట్టే జనం పలచబడ్డారు. పనిలోకి పోదామన్న గుసగుసలు మొదలయ్యాయి. సరిగ్గా అప్పుడే పోలీసు వ్యాను వచ్చింది.

"ఓనరుగారు అనని మాట అన్నారని పాట కట్టింది ఎవడ్రా?" అంటూ ఎస్సై ఎల్లాజీ కాలరు పట్టుకున్నాడు.

నీలమ్మ అడ్డం వెళ్లింది.

"అన్నాడు బావూ. నా పిల్ల కాలిపోతంటే, 'కొండకోతికి కారెందుకే, గెంతుకుంటా ఎల్లిపోద్ది' అన్నాడు. రాసుకో."

ఒక్కరూ నవ్వలేదు.

"సాక్ష్యం ఎవరే?"

అప్పలమ్మ ముందుకొచ్చింది. "నాను ఇన్నాను," అని ఆ మాటంతా అప్పగించింది. ఆమె వెనక ఇంకొకామె, ఆమె పక్కన మరొకామె. ఆ మాటను ఎవరూ మింగలేదు.

ఎస్సై ఏమీ రాసుకోలేదు. అందర్నీ ఎక్కించమన్నాడు. వ్యాను నిండిపోయింది. చోటు చాలనివాళ్లు సాక్ష్యం చెప్పడానికి స్టేషనుకు నడిచారు.