వేటకు పోయినవాడి పేరు

నేను ఒక హ్యాష్‌ట్యాగ్‌ని. రెండు నిలువు గీతలు, రెండు అడ్డగీతలు. వాటి వెనక సందు లేకుండా అతికించిన మాటలు. చేతికి అందను, తూకానికి రాను. ఫోనులో నన్ను నొక్కితే, నన్ను రాసినవాళ్ళ కబుర్లన్నీ ఒకచోటికి వస్తాయి. నా పని అంతే. చూడ్డానికి వలకన్నులా ఉంటాను. నన్ను కట్టింది కూడా వలలు అల్లే చేతులే.

శ్రీకాకుళం వైపు ఒక జాలరిపేట. గాలివాన వెలిసిన మర్నాడు ఆ ఇసుకలో పుట్టాను. గాలివానకు ముందు పోలమ్మ మొగుడు తెప్ప వేసుకుని వేటకు పోయాడు. రోజూ తోడొచ్చే తమ్ముడికి ఆ వేళ జ్వరం. ఒక్కడే పోయాడు. గాలి లేచింది. మిగతా తెప్పలన్నీ ఒడ్డెక్కాయి. అతనిది ఎక్కలేదు. ఎర్రరంగుతో అతని పేరే రాసి ఉంటుంది దాని మీద, అంత దూరం నుంచీ కనపడేలా.

తమ్ముడి పెళ్ళాం గురమ్మ. ఎండుచేపల పులుసు వీడియోలు పెట్టి నాలుగూళ్ళలో తెలిసిన మనిషి. ట్యాగుల సంగతి ఆమెకు బాగా తెలుసు.

“అప్పా, ట్యాగు పొట్టిగుండాల. అందరం ఒకటే రాయాల. బావ పేరు, ఊరి పేరు ఎట్టీద్దుం. ఎవులు ఎతికినా మనమే దొరకాల,” అంది తోడికోడలు పోలమ్మతో.

పోలమ్మ గభాలున ఆమె నోరు మూసింది. “ఓలమ్మా, పేరెత్తకే!”

ఆ పేటలో ఒక కట్టు ఉంది. వేటకు పోయినవాడు తిరిగి ఒడ్డు మీద కాలు పెట్టేదాకా ఇంటివాళ్ళు అతని పేరెత్తరు. ఎత్తితే సముద్రం, అంటే గంగమ్మ, ఆ పేరు నేర్చుకుంటుందట. నేర్చుకుని పిలుస్తుందట. పిలిస్తే మనిషి వెళ్ళిపోతాడట.

“నోటితో అనొద్దులే. రాసీదే కదా,” అంది గురమ్మ.

“రాస్తే లోకమంతా సదవదా? లోకం సదివింది గంగమ్మకి ఇనపడదేటి?”

ఊరి పేరు పెడితే మనిషి తెలిసిపోతాడని అదీ వద్దంది పోలమ్మ. చివరికి నన్ను కట్టారు. #గంగమ్మాకాపాడు. ఎవరిని కాపాడాలో నాలో లేదు.

పేటంతా నన్ను రాసింది. పక్క పేటలు రాశాయి. సాయంత్రానికి ఊళ్ళు దాటాను. మనుషులకు ఒక గుణం ఉంది. పదిమంది ఎటు చూస్తే అటు చూస్తారు. ఎందుకని మాత్రం అడగరు. ఎక్కడో జాతర చేసేవాళ్ళు అమ్మవారి గరగ కుండల ఫోటోలు నా కింద పెట్టారు. ఒకామె పరీక్ష పాసవ్వాలని నన్ను రాసింది. ఒక చీరల కొట్టు కొత్త సరుకు దింపి, చివర నన్ను తగిలించింది. కొత్త సినిమా ఆడాలని ఇంకొకరు. అందరినీ మోశాను. ఏం పడాలో ఎంచుకోవడం వల పని కాదు కదా.

పోలమ్మ తడిచేత్తోనే ఫోను జరిపి చూసేది.

“ఇదేటే గురమ్మా, సీరలొస్తన్నాయి?”

“జనం ఎక్కువైతే మనది పైకొస్తాదప్పా.”

“మనదేదీ? అగుపడదేటి?”

గురమ్మ ఫోను అందుకుని కిందికి జరుపుతూ పోయింది.

మా లోకంలో ట్యాగు పక్కన ట్యాగు ఉంటుంది. గోడకు అవతల గోడ. అవతల ఏముందో, ఎవరో ఒకరు రెంటినీ వెతికితే తప్ప మాకు తగలదు. నేను పుట్టిన సాయంత్రమే ఇంకొకటి పుట్టింది. ఒక ఓడలో వంటవాడు కట్టాడు దాన్ని. మెట్ట ఊరివాడు, సముద్రం కొత్త. భీమిలికి ఎదురుగా, నడిసముద్రంలో, ఒక తెప్ప మీద మనిషి తువ్వాలు ఊపుతుంటే ఫోటో తీశాడు. ఓడలోవాళ్ళూ నవ్వుతూ చేతులు ఊపారట. సిగ్నలు అందగానే ఫోటో పెట్టాడు. “ఒంటరి అన్న మాకు టాటా చెప్పాడు” అని రాశాడు. తెప్ప మీద ఎర్రరంగుతో ఉన్న పేరు చూసి, దాన్నే ట్యాగు చేశాడు.

ఆ పేరు వెతికినవాళ్ళు లేరు. పేటవాళ్ళు తెప్పలు వేసుకుని ఉత్తరాన గాలించారు. ఆ ఫోటో దక్షిణాన తీసింది. చూసి ఉంటే మనిషి దొరికేవాడా? నాకు తెలియదు. ఎటు వెతకాలో తెలిసేది.

తరవాత తెప్ప ఒడ్డుకు కొట్టుకొచ్చింది. దాని మీద ఎవరూ లేరు.

ఇంకేం కట్టు అనుకుందో ఏమో, గురమ్మ అప్పుడు ఆ పేరు ఫోనులో కొట్టింది. ఫోటో వచ్చింది. వంటవాడికి సంగతి రాసింది. “అయ్యో, టాటా అనుకున్నానండీ” అని ఒక్క ముక్క తిరిగొచ్చింది. ఆ ఫోటో ఆమె పోలమ్మకు చూపించలేదు. చూపించి ఏం చేస్తుంది!

కులపెద్ద వచ్చాడు. పోలమ్మ గుమ్మంలో కూర్చుని చిరిగిన వల కడుతోంది. ఫోను పక్కనే ఉంది.

“అమ్మా, కర్మ సేసీయాల. నీటికాడ పేరెట్టి పిలవాల. మొదట నువ్వు పిలూ, ఎనక మేం పిలుస్తాం.”

ఆమె తలెత్తలేదు.

“అదేటి బావూ, పెద్దోడివి, అలాగంతావు? మనిషింకా వేటలోనే ఉన్నాడు. పేరెలాగ ఎత్తీది?”

కులపెద్ద తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

జాతరవాళ్ళు కొత్త ట్యాగు కట్టుకున్నారు. చీరల కొట్టుకు ఇంకేదో దొరికింది. నా దగ్గరికి ఇప్పుడు ఎవరూ రారు, పోలమ్మ తప్ప. ఆమెకు అక్షరాలు రావు. ముందున్న వలకన్ను చూసి నన్ను గుర్తుపడుతుంది. తెల్లారి నొక్కుతుంది. కిందికి జరిపి జరిపి చూస్తుంది. గురమ్మ నేర్పినట్టు నా కింద సముద్రం ఫోటో ఒకటి పెట్టి, పనిలోకి వెళ్తుంది.

గోడకు అవతల ఆ ఫోటో ఇంకా ఉంది. నన్నూ ఆ ట్యాగునూ రెంటినీ వెతికింది గురమ్మ కాబట్టి ఆ పేరు నాకూ తెలిసింది.

మీకు చెప్పను. మనిషింకా ఒడ్డెక్కలేదు.