తియ్యటి నీళ్ళు

ఊరి చివర ఆ కాలనీ కట్టినప్పుడు ఇళ్ళయితే వరసగా లేచాయి గానీ, ఒక గుక్క కాఫీ తాగాలన్నా బస్సెక్కి ఊళ్ళోకి పోవాల్సి వచ్చేది. బస్టాపుకి ఎదురుగా నాలుగు దుకాణాల వరస వచ్చాక ఆ కరువు తీరింది. మొదటిది బేకరీ. రెండోది కాఫీ కొట్టు. మూడోది పళ్ళరసాల దుకాణం. చివరిది, ఆ మూడూ కలిపినంత పెద్దది, భోజనశాల. సాయంత్రమయ్యేసరికి చంకలో పిల్లలున్న తల్లుల దగ్గర్నుంచి చేతికర్ర తాతల దాకా అందరూ అక్కడే తేలేవారు.

కాఫీ కొట్టు నడిపే ఆవిడని కాలనీ అంతా కాఫీ పిన్ని అనేవాళ్ళు. ఆ పిలుపు మొదలెట్టింది ఆవిడ బావగారి కూతురు. ఆ పిల్ల పిలవడం విని, పిన్ని కన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అలాగే పిలవడం నేర్చారు. వరస మొత్తం ఆ బావగారిదే. జనం ఆయన్ని పెద్దాయన అంటారు. భోజనశాల ఆయన భార్య చేతిలో ఉంది. పిన్నికి తోడికోడలావిడ. పిన్ని మొగుడు నోట్లో నాలుక లేని మనిషి, అన్న గీసిన గీత దాటి ఎరగడు. ఉద్యోగం ఊడి అతను ఇంట్లో కూర్చున్నప్పుడు, "గోళ్ళు గిల్లుకుంటూ ఎన్నాళ్ళు కూర్చుంటావురా, రా, రెండో గది తీసుకో" అని పిలిచి కొట్టు పెట్టించింది పెద్దాయనే. ఆ మేలు పిన్ని ఏనాడూ మరిచిపోలేదు. మరిచిపోకపోవడమే చివరికి ఆవిడ నోరు నొక్కింది.

ఎండలు ముదిరాక కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు రావడం మొదలైంది. వచ్చే జనానికి అవి ఏ మూలకి? పెద్దాయన వరస వెనక పెరట్లో బోరు వేయించాడు. నీళ్ళు పుష్కలంగా పడ్డాయి. డాబా మీది ట్యాంకు నుంచి నాలుగు దుకాణాలకీ అవే నీళ్ళు.

పిన్నికి పొద్దున్నే పొయ్యి వెలిగించే ముందు అరగ్లాసు పచ్చినీళ్ళు తాగే అలవాటుంది. "నీళ్ళు బాగోకపోతే ఎంత మంచి పొడి వేసినా దండగే" అనేది. బోరు నీళ్ళు వచ్చిన నాలుగో రోజున గ్లాసు నోటికెత్తి ఆగిపోయింది. నీళ్ళు తియ్యగా ఉన్నాయి. చక్కెర తీపి కాదు, పండు తీపి కాదు. తాళంచెవిని చప్పరిస్తే నాలుకకి తగిలే చల్లదనంలాంటిదేదో ముందు తగిలి, దాని వెనకాల తీపి వచ్చి గొంతులో అంటుకుపోయింది. రెండుసార్లు పుక్కిలించినా పోలేదు.

"ఏవండీ, ఈ నీళ్ళు ఒకసారి తాగి చూడండి."

మొగుడు తాగలేదు. గ్లాసు వంక చూసి మొహం తిప్పుకున్నాడు. "కొత్త బోరు కదా, నాలుగు రోజుల్లో సర్దుకుంటుందిలే. అన్నయ్యతో మాత్రం అనకు."

పిన్ని అననే అంది. పెద్దాయన పగలబడి నవ్వాడు. "తియ్యటి నీళ్ళు పడ్డాయని సంతోషించాల్సింది పోయి మొహం అలా పెట్టావేంటమ్మా? చేదుగా ఉంటే కదా ఏడవాలి!" అని, అక్కడే చెంబెడు నీళ్ళు గటగటా తాగేశాడు. ఆ తరవాత మళ్ళీ అడగడానికి ఆవిడకి నోరు రాలేదు.

పైగా గిరాకీ పెరిగింది. "కాఫీలో ఏం కలుపుతున్నావు పిన్నీ, మునుపటి కంటే బాగుందే!" అని రోజూ వచ్చే మాస్టారు రెండో కప్పు అడిగాడు. చక్కెర తక్కువేసినా ఎవరూ కనిపెట్టలేదు. పోనీలే, నా నాలుకకే ఏదో తెగులు పట్టిందేమో అనుకుంది. నెల తిరిగేసరికి ఆవిడకి కూడా ఆ తీపి తెలియడం మానేసింది.

పెద్దాయన కూతురు కడుపుతో పుట్టింటికి వచ్చింది కూడా బోరు వేసిన వారంలోనే. అల్లుడిది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. మూడో నెల. వాళ్ళమ్మ ఆ పిల్లని భోజనశాలలో ఫ్యాను కింద కూర్చోబెట్టి, వేళకి అన్నం, వేడివేడి చారు, మధ్యమధ్యలో పళ్ళరసం, కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకునేది.

మొదట పోయింది పిల్లి. పెరట్లో ట్యాంకు గొట్టం కింద కారే నీళ్ళు తాగే బూడిదరంగు పిల్లి అది. ఒకరోజు ఉన్నచోటే గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. పిలిస్తే చూడదు. గోడకి తల కొట్టుకుంటుంది, మళ్ళీ తిరుగుతుంది. రెండు రోజులకి గొట్టం కిందే కాళ్ళు బారచాపి పడి ఉంది. ఏ ఎలకల మందో తిని ఉంటుందన్నారు.

తరవాత నీరసపడింది బేకరీ ఆయన. తెల్లారకముందే లేచి పిండి పిసికే మనిషి, పదింటికల్లా పిండిబస్తా మీద కూలబడి, "ఒళ్ళు నాది కానట్టుంది పిన్నీ" అనేవాడు. ఆ తరవాత భోజనశాలలో అంట్లు తోమే తాత. మధ్యాహ్నమయితే చాలు, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని మెట్ల మీద కూర్చునేవాడు. ఒకరోజు పిన్ని ఆయనకి బన్ను ఇచ్చి, పక్కన కూర్చుంది.

"ఎన్నాళ్ళ నుంచి తాతా ఈ నొప్పి?"

"రెండు నెలలైంది తల్లీ. లోపల ఎవరో తాడు పేనుతున్నట్టుంటాది. డాక్టరు గ్యాసన్నాడు. ఈ వయసులో గ్యాసు కాకపోతే కవలలు పుడతారా?" అని నోరంతా తెరిచి నవ్వాడు.

ఆ నవ్వులో పిన్నికి ఆయన చిగుళ్ళు కనిపించాయి. పళ్ళ మొదట్లో, పెన్సిలుతో గీసినట్టు, నల్లటి గీత ఒకటి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంది.

పిల్లి, బేకరీ ఆయన, తాత, ముగ్గురూ తాగింది ఆ ట్యాంకు నీళ్ళే. కొట్టుకి వచ్చి, షట్టరు సగం దించి, మొగుణ్ణి నిలదీసింది. "ఆ పెరట్లో ఏముంది? తేలుకుట్టిన దొంగలా తప్పించుకోకండి. మొదటి రోజు నుంచీ ఆ నీళ్ళు మీరు ముట్టలేదు. ఇంటి నుంచి సీసా తెచ్చుకుంటున్నారు. నేను చూడలేదనుకున్నారా?"

అతను తుడుస్తున్న కప్పు బల్ల మీద బోర్లించాడు. తరవాత నేల చూపులు చూస్తూ చెప్పాడు. ఈ వరస కట్టకముందు అక్కడ రేకుల షెడ్డు ఉండేది. అన్నదమ్ములిద్దరూ అందులో పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించి అమ్మేవారు. ఇళ్ళు దగ్గరికొచ్చేశాయని ఎవరో ఫిర్యాదు చేశారు. వారంలో ఖాళీ చెయ్యమన్నారు. ఉన్న సరుకంతా, పగిలిన పెట్టెలు, మడ్డి, ఆసిడ్, పెరట్లో గొయ్యి తీసి పూడ్చేశారు. ఇరవయ్యేళ్ళ నాటి మాట.

"బోరు ఎక్కడ వేశారు మరి?"

"దానికి పదడుగుల దూరంలో."

"మీ నోరు పడిపోయిందా?"

"అన్నయ్యకి చెప్పాను. భూమి దేన్నైనా అరిగించుకుంటుందిరా, ఇరవయ్యేళ్ళు చాలవా అన్నాడు. అన్నయ్య కూడా తాగుతున్నాడుగా. తెలిసి తెలిసి ఎవరైనా తాగుతారా?"

మర్నాడు పిన్ని ఒక సీసాలో నీళ్ళు పట్టి, బస్సెక్కి, ఊళ్ళో నీళ్ళు పరీక్షచేసే చోట ఇచ్చి వచ్చింది. పదిరోజులు పడుతుందన్నారు. ఆ పదిరోజులు ఆగమని మొగుడు కాళ్ళావేళ్ళా పడ్డాడు. "కాగితం చేతికి రానీ. ఒట్టి అనుమానంతో తోడబుట్టినవాణ్ణి బజారుకీడ్చమంటావా? మనకి అన్నం పెట్టిన చెయ్యి అది." పిన్ని ఒప్పుకుంది. తన కొట్టుకి మాత్రం ఇంటి నుంచి డబ్బాలతో కుళాయి నీళ్ళు మోయించింది. అడిగినవాళ్ళకి గొట్టం పాడైందని అబద్ధం చెప్పింది. కడుపుతో ఉన్న పిల్లని తన ఇంటికి భోజనానికి రమ్మని రెండుసార్లు పిలిచింది. "మా అమ్మ ఒప్పుకోదు పిన్నీ, నా కూతురికి నేను పెట్టుకోలేనా అంటుంది" అని నవ్వింది ఆ పిల్ల.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, ఆ వారమే ఆదివారం పత్రికలో సగం పేజీ వ్యాసం వచ్చింది. శివారులో ఎక్కడ తినాలి, ఎక్కడ తాగాలి అని. నాలుగు దుకాణాల ఫొటో వేశారు. భోజనశాల చారుని మెచ్చుకున్నారు, కాఫీని మెచ్చుకున్నారు. "అసలు ఇక్కడి నీళ్ళలోనే ఏదో తీపి ఉంది" అని రాశారు. పెద్దాయన ఆ కాగితాన్ని గాజుపలక కింద పెట్టించి గుమ్మంలో వేలాడదీశాడు.

పదకొండు గంటలకల్లా ఊళ్ళోంచి కార్లు రావడం మొదలైంది. పన్నెండయ్యేసరికి బస్టాపు దాకా నిలబడ్డారు. చంటిపిల్లలున్నవాళ్ళని ముందుకు పంపిస్తూ, నీడకి కుర్చీలు వేయిస్తూ, పెద్దాయన పెళ్ళివారిలా హడావిడి పడిపోతున్నాడు. పళ్ళరసాల దుకాణంలో గ్లాసు ఖాళీ అవడం ఆలస్యం, ఇంకొకటి నింపుతున్నారు.

ఆ రద్దీలో బావగారి కూతురు కాఫీ కొట్టులోకి వచ్చి కూర్చుంది. ఆరు నెలలు దాటిన కడుపు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"ఏమ్మా, అలా ఉన్నావేం?"

"ఏమో పిన్నీ. ఏం తిన్నా మేకులు నమిలినట్టుంటోంది. రాత్రి నుంచి కడుపులో తాడు పేనుతున్నట్టు ఒకటే నొప్పి."

తాత అన్న మాటే. పొల్లు పోకుండా అదే మాట. పిన్ని చేతిలో గరిటె పొయ్యి పక్కన పడేసింది. మొగుడు "ఆగు" అంటున్నా వినకుండా వెనక మెట్లెక్కి డాబా మీదికి పోయింది. మోటారు స్విచ్చి ఆపి, ట్యాంకు అడుగున ఉన్న మర తిప్పింది. తిరగలేదు. చెంగు చుట్టి, ఒళ్ళంతా బరువు వేసి తిప్పింది. నీళ్ళు భళ్ళున డాబా మీద పడి, ముందు గోడమీంచి వరసగా నిలబడ్డ జనం ముందు ధారకట్టాయి.

కేకలు లేచాయి. పెద్దాయన రొప్పుతూ పైకొచ్చాడు. "మతిపోయిందా నీకు? ఇంతమంది ముందు పరువు తీస్తావా?"

"ఈ నీళ్ళు ఎవరూ తాగడానికి వీల్లేదు బావగారూ. గొయ్యి సంగతి నాకు తెలుసు."

ఆయన మొహంలో రంగు మారింది. తమ్ముడి కోసం కిందికి చూశాడు, మళ్ళీ పిన్ని వంక చూశాడు. ఏమనుకున్నాడో, గబగబా కిందికి దిగి, భోజనశాల బల్ల మీద నిండుగా ఉన్న గ్లాసొకటి తీసి జనానికి చూపించాడు. "మా మరదలికి ఒంట్లో బాగాలేదు. నాలుగు నెలలుగా ఇవే నీళ్ళు తాగుతున్నా. నాకేమైందో మీరే చెప్పండి!"

గ్లాసు పెదవుల దాకా పోలేదు. మణికట్టు దగ్గర చెయ్యి విరిగిన కొమ్మలా కిందికి వాలిపోయింది. వేళ్ళు విడిపోయాయి. గ్లాసు పగిలి నీళ్ళు ఆయన చెప్పుల మీద పడ్డాయి. ఆయన ఎడమచేత్తో కుడిచేతిని పైకెత్తాడు. వదిలితే మళ్ళీ వాలింది. ఇంకోసారి ఎత్తాడు. వరసలో ముందున్న ఆవిడ తన పిల్ల చేతిలోని గ్లాసు లాక్కుని, పిల్ల నోట్లో వేలు పెట్టి కక్కించడం మొదలెట్టింది.

మంగళవారం పరీక్షవాళ్ళు ఫోను చేశారు. అవతలి మనిషి నమస్కారం కూడా చెప్పలేదు. "ఈ నీళ్ళు ఎవరైనా తాగుతున్నారా అండీ?" అని అడిగాడు. పిన్ని అవునంది. "ఇందులో సీసం ఉందండీ, తియ్యగా ఉంటే ఆ తీపి దానిదే. ఒక్క చుక్క కూడా ముట్టనివ్వకండి" అన్నాడు.

దుకాణాలకి సీలు వేశారు. పెరడు తవ్వితే పెట్టెలింకా పెట్టెల్లాగే ఉన్నాయి, వాటి చుట్టూ మన్ను బూజుపట్టిన తెలుపు. భూమి ఏదీ అరిగించుకోలేదు. అన్నదమ్ములిద్దరి మీదా కేసు పెట్టారు. తాతకి ఆసుపత్రిలో మందు ఎక్కించారు, బతికాడు గానీ మనుషుల పేర్లు తప్పుగా పిలుస్తున్నాడు. పెద్దాయన చెయ్యి లేవలేదు, సీసం నరాన్ని తినేసిందన్నారు. పిన్ని గుర్తున్నంతవరకు రోజూ వచ్చేవాళ్ళందరి ఇళ్ళకీ వెళ్ళి, రక్తపరీక్ష చేయించుకోమని చెప్పింది. కొందరు కూర్చోబెట్టి విన్నారు. మాస్టారు మాత్రం తలుపు సగమే తీసి, "నేను రెండో కప్పు అడిగినప్పుడు నువ్వు నవ్వుతూ పోశావు" అని మూసేశాడు.

బావగారి కూతురికి ఎనిమిదో నెలలోనే కాన్పయింది. ఆడపిల్ల. బతికే ఉంది, అరచేతి మీద పట్టేంత. రక్తంలో సీసం ఉందనీ, ఏ మేరకు దెబ్బతీసిందో నడకా మాటా వచ్చేదాకా తెలియదనీ డాక్టరు చెప్పింది.

మూడోరోజు సాయంత్రం తోడికోడలు పిన్ని ఇంటికి వచ్చింది. గొడవ జరిగిన తరవాత రావడం అదే మొదలు. జుట్టు చెదిరి ఉంది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"రా అక్కా" అంది పిన్ని.

"కూర్చోడానికి రాలేదే. ఒక్క మాట అడిగిపోదామని వచ్చా. నీకు ఎప్పుడు తెలిసింది?"

"గొయ్యి సంగతా? ఆ ఆదివారానికి వారం ముందు. ఈయన చెప్పాకే."

"గొయ్యి కాదు. నీళ్ళు. నీ నాలుకకి ఎప్పుడు తెలిసింది?"

పిన్ని గోడకి ఆనుకుంది. అబద్ధం చెప్పొచ్చు. మొగుడు లోపలి గదిలో దగ్గు ఆపుకుంటున్నాడు.

"నాలుగో రోజు" అంది.

తోడికోడలు వేళ్ళమీద నెలలు లెక్కపెట్టింది. ఒకసారి లెక్కపెట్టి, సరిపోలేదన్నట్టు మళ్ళీ మొదట్నుంచీ లెక్కపెట్టింది.

"అప్పటికి దానికి మూడో నెల" అంది చివరికి, ఎవరికో దారి చెప్తున్నంత మామూలుగా. తలుపు తనే వేసుకుని వెళ్ళిపోయింది.